పాల లెక్కకు మూడు స్టార్లు

పోయిన ఆదివారం పుణె నుంచి మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. మరిదిది బదిలీల ఉద్యోగం. ఏడేళ్ళలో నాలుగు ఊళ్ళు మారారు. బాబు ఐదో తరగతికి వచ్చేసరికి రెండు బోర్డులు, మూడు రెండో భాషలు అయ్యాయి. "ఇక వాణ్ణి ఆన్‌లైన్ స్కూల్లో వేసేద్దామనుకుంటున్నామక్కా. నువ్వు రెండేళ్ళుగా చూస్తున్నావుగా, ఏది మంచిదో చెప్పు" అంది. వాట్సాప్‌లో మూడు బ్రోచర్లు పంపింది. ఒకదాని మీద "అంతర్జాతీయ గుర్తింపు" అని, ఇంకోదాని మీద "4.8 రేటింగ్" అని, మూడోదాని మీద టీచర్ల ఫోటోలు, వాళ్ళ డిగ్రీలు.

అరగంట మాట్లాడినా తనకు సరిగ్గా చెప్పలేకపోయాను. ఏది మంచిదో నాకు తెలియదు. ఎలా తెలుసుకోవాలో మాత్రం కొంత తెలిసింది. అది తెలియడానికి మా అమ్మాయికి దాదాపు ఒక విద్యాసంవత్సరం పోయింది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

మా అమ్మాయికి ఆరో తరగతిలో నెఫ్రోటిక్ సిండ్రోమ్ మొదలైంది. మూత్రంలో ప్రోటీన్ పోతుంది, ఒళ్ళు నీరు పడుతుంది, స్టెరాయిడ్లు వాడాలి. చిన్న జలుబు చేసినా తిరగబెట్టే జబ్బు. మూడోసారి తిరగబెట్టాక డాక్టరు గారు "ఒకటి రెండేళ్ళు గుంపులోకి పంపకుండా చూసుకోండమ్మా" అన్నారు. స్కూలు బస్సు, 52 మంది ఉన్న సెక్షను, మధ్యాహ్నం అందరూ ఒకే కుళాయి దగ్గర చేతులు కడుక్కోవడం. వీటిలో దేన్ని తప్పిస్తాం? ఆన్‌లైన్ స్కూలు మాకు సరదా కొద్దీ వచ్చిన ఆలోచన కాదు.

డెమో క్లాసు

మొదట చేర్పించిన స్కూలు పేరు రాయను. డెమో క్లాసులో టీచరు గారు భిన్నాలు చెప్పారు. నలుగురే పిల్లలు. అందరినీ పేరుపెట్టి పిలిచారు. స్టెరాయిడ్ల వల్ల మొహం ఉబ్బిందని అద్దం ముందుకు కూడా వెళ్ళడం మానేసిన పిల్ల, కెమెరా ముందు చెయ్యెత్తి జవాబు చెప్పింది. వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్న నాకు కళ్ళు చెమర్చాయి. ఆ సాయంత్రమే ఫీజు కట్టేశాం. ఏడాదికి 68 వేలు. ఒకేసారి కడితే పది శాతం తగ్గింపు అన్నారు, ఒకేసారే కట్టాం.

జూన్‌లో క్లాసులు మొదలయ్యాక ఆ టీచరు గారు మళ్ళీ కనబడలేదు. ఆవిడ డెమోలు మాత్రమే చెబుతారట. అసలు బ్యాచ్‌లో 87 పేర్లున్నాయి. అందరి మైకులూ మ్యూట్‌లో ఉంటాయి. అర్థమైందా అని టీచరు అడిగితే చాట్‌లో వరసగా "ఎస్ మిస్" అని పడిపోతుంటాయి. రోజుకు ఆరు పీరియడ్లు. కోవిడ్ రోజుల్లో, 2020 జూలైలో, కేంద్ర విద్యాశాఖ ప్రజ్ఞత పేరుతో ఇచ్చిన సూచనల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు రోజుకు 30 నుంచి 45 నిమిషాల క్లాసులు రెండుకు మించొద్దని చెప్పింది. నాకు అది అప్పట్లో తెలియదు. ఆరు పీరియడ్లు ఉన్నాయంటే ఎక్కువ చదువు చెబుతున్నారనే అనుకున్నాను.

నెలనెలా రిపోర్టు వచ్చేది. హాజరు 98, లెక్కలు 94, సైన్సు 91. మా అత్తగారికి చదివి వినిపించేదాన్ని. ఇంత జబ్బులోనూ పిల్ల చదువు తప్పలేదని ఆవిడ దేవుడికి దణ్ణం పెట్టుకునేవారు.

హోంవర్కు నోటుబుక్కులో చేసి, ఫోటో తీసి యాప్‌లో పెట్టాలి. రాత్రి భోజనాలయ్యాక బల్ల తుడిచి, నోటుబుక్కు పరిచి, ఫోన్ నీడ కాగితం మీద పడకుండా ఒక పక్కకు వంగి తీసేదాన్ని. నవంబరు నెలాఖరున ఒక రాత్రి నిద్రమత్తులో తప్పు ఫోటో పెట్టాను. అది మా పాల లెక్క. పాలు పోసే ఆయనకు పంపుదామని తీసి ఉంచుకున్న పేజీ. ఎడమ వైపు తేదీలు, ఎదురుగా అర, అర, లీటరు, నాగా, అర. మర్నాడు పొద్దున్న యాప్ తెరిచి చూస్తే ఆ పేజీకి మూడు స్టార్లు వచ్చి ఉన్నాయి. కింద "చాలా బాగా చేశావు, ఇలాగే కొనసాగించు" అని ఉంది.

ఆ రోజు పనులన్నీ పక్కన పెట్టి, జూన్ నుంచి ఉన్న నోటుబుక్కులన్నీ ముందేసుకుని కూర్చున్నాను. లెక్కల నోటుబుక్కులో 2/3కి 1/4 కలిపితే 3/7 అని రాసి ఉంది. పైన ఉన్నవి పైవాటితో, కింద ఉన్నవి కిందవాటితో కలిపేసింది. ఆ తప్పు జూలైలో మొదలైంది. నవంబరు దాకా పదకొండు పేజీల్లో అదే తప్పు. పదకొండింటికీ స్టార్లు ఉన్నాయి. లెక్కల్లో 94 ఎలా వచ్చాయని చూస్తే, పరీక్షలన్నీ నాలుగు జవాబుల్లో ఒకటి నొక్కేవే. తప్పు నొక్కితే ఎర్రగా చూపించి, ఇంకో అవకాశం ఇస్తాయి. ప్రతి రాత్రీ ఆ పేజీలకు ఫోటోలు తీసింది నేనే. తీశానే గానీ చదవలేదు. ఈ మాట రాయడానికి ఇప్పటికీ మనసు ఒప్పుకోవడం లేదు.

రాసింది ఎవరు చదువుతున్నారు?

జనవరిలో ఇంకో స్కూలుకు మార్చాం. చిన్నది. బ్యాచ్‌కు 14 మంది. యాప్ లాంటిదేమీ లేదు, ఫోటోలు మెయిల్ చెయ్యాలి. వెబ్‌సైటు చూస్తే ఎవరూ ఫీజు కట్టరు, అంత సాదాగా ఉంటుంది. రెండో వారంలో లెక్కల టీచరు గారు మా అమ్మాయి పేజీని తిరిగి పంపారు. 3/7 చుట్టూ సున్నా చుట్టి, ఇంటు గుర్తు పెట్టకుండా పక్కనే ఇలా రాశారు: "2/3 సగం కంటే ఎక్కువా, తక్కువా? 3/7 సగం కంటే ఎక్కువా, తక్కువా? ఒకదానికి ఇంకోటి కలిపితే తగ్గిందేమిటి? ఆలోచించి నాకు రాయి."

అమ్మాయి కాగితం చింపి, మడతలు పెట్టి, ఇరవై నిమిషాలు తంటాలు పడింది. "అమ్మా, కలిపితే తగ్గింది, నిజమే" అంది. ఆ తర్వాత హారాలు ఎందుకు సమానం చెయ్యాలో నేను చెప్పాల్సిన పని పడలేదు.

మా పిన్ని కూతురికి చెప్పాలనుకున్నది ఇదే. మామూలు బళ్ళో టీచరు బెంచీల మధ్య తిరుగుతారు. నోటుబుక్కు దిద్దకపోయినా పిల్ల మొహం చూస్తారు, ఆవులింత చూస్తారు, పక్కవాళ్ళది చూసి రాస్తుంటే గమనిస్తారు. ఆన్‌లైన్‌లో అవేవీ లేవు. పిల్ల వైపు నుంచి బడికి చేరేది తను రాసి పంపే ఆ కాగితం ఒక్కటే. దాన్ని ఎవరూ చదవకపోతే ఆ పిల్ల బళ్ళో లేనట్టే లెక్క. పాఠం వినడానికైతే ఫీజెందుకు? యూట్యూబ్ ఉంది, కేంద్రం వాళ్ళ దీక్ష పోర్టల్ ఉంది, తెలంగాణ వాళ్ళ టీశాట్ చానళ్ళు ఉన్నాయి, అన్నీ ఉచితం. మనం డబ్బు కట్టేది పిల్ల రాసింది చదివి జవాబు చెప్పే మనిషి కోసం.

ఆ మనిషికి టైముందా లేదా అన్నది మనమే లెక్క వేసుకోవచ్చు. ఒక టీచరుకు 80 మంది చొప్పున ఐదు బ్యాచ్‌లు ఉంటే 400 మంది. వారానికి ఒక్కొక్కరిది ఒక్క పేజీ, పేజీకి మూడు నిమిషాలు అనుకున్నా 1,200 నిమిషాలు, అంటే 20 గంటలు దిద్దడానికే కావాలి. క్లాసులు చెబుతూ అది ఎవరి వల్లా కాదు. అందుకే స్టార్లు మెషిన్ వేస్తుంది. అదే 14 మంది చొప్పున నాలుగు బ్యాచ్‌లైతే 56 మంది, మూడు గంటల్లోపు పని. డిగ్రీల గురించి అడిగే ముందు, ఒక్కో టీచరు దగ్గర మొత్తం ఎంతమంది పిల్లలున్నారని అడగండి. సూటిగా జవాబు రాకపోతే అదే జవాబనుకోండి.

ఇది మన దగ్గరి గొడవ మాత్రమే కాదు. అమెరికాలో ప్రభుత్వ డబ్బుతో విడిగా నడిచే చార్టర్ స్కూళ్ళలో పూర్తిగా ఆన్‌లైన్‌వాటి మీద స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీలోని క్రెడో సంస్థ 2015లో ఒక అధ్యయనం బయటపెట్టింది. మామూలు బడి పిల్లలతో పోలిస్తే ఈ పిల్లలు ఏడాదికి చదవడంలో 72 రోజులు, లెక్కల్లో 180 రోజులు వెనకబడ్డారని తేల్చింది. 180 రోజులంటే అక్కడ మొత్తం విద్యాసంవత్సరం. ఒహాయో రాష్ట్రంలో ఈకాట్ అనే పెద్ద ఆన్‌లైన్ స్కూలు 2018 జనవరిలో, ఏడాది మధ్యలో, మూతపడింది. దాదాపు 12 వేల మంది పిల్లలు దారిలో నిలిచిపోయారు. పిల్లలు నిజంగా చదువుతున్నట్టు ఆధారాలు చూపించమని రాష్ట్రం అడిగితే ఆ స్కూలు చూపించలేకపోయింది. ప్రభుత్వం డబ్బిచ్చి, లెక్కలడిగే చోటే ఇలా జరిగింది. ఇంగ్లండులో బళ్ళను తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ ఆఫ్‌స్టెడ్ ఆన్‌లైన్ స్కూళ్ళనూ తనిఖీ చేసే పద్ధతి ఒకటి పెట్టారు. మన దగ్గర ప్రైవేటు ఆన్‌లైన్ స్కూళ్ళకు అలాంటి తనిఖీ లేదు. తల్లిదండ్రులే తనిఖీ అధికారులు.

"తెలివైన పిల్లాడికి ఇదంతా ఎందుకు వదినా, వీడియో చూసి వాడే నేర్చుకుంటాడు" అన్నాడు మరిది, ఫోన్ మధ్యలో అందుకుని. నిజంగానే అలాంటి పిల్లలున్నారు. మా పక్కింటి అబ్బాయి ఇంటర్ లెక్కలు సగం వీడియోల్లోనే నేర్చుకున్నాడు. కానీ వాడికి పదహారేళ్ళు. తనకు ఏం రావడం లేదో వాడికి తెలుసు. పదేళ్ళ పిల్లాడికి అది తెలియదు. మా అమ్మాయికి ఐదు నెలలపాటు 3/7 తప్పని అనుమానమే రాలేదు. స్టార్లు వస్తుంటే ఎందుకొస్తుంది?

ఇంకో మాట కూడా వస్తుంది. మామూలు బళ్ళలో మాత్రం దిద్దుతున్నారా అని. మా అమ్మాయి పాత స్కూలు నోటుబుక్కులు తీసి చూశాను. ప్రతి పేజీ కిందా ఎర్ర టిక్కు, ఇన్‌స్పెక్షన్ ముందు రోజు ఒక్కసారే పెట్టినట్టున్న సంతకాలు. అక్కడా ఎవరూ చదవలేదు. అయితే అక్కడ పక్క బెంచీ అమ్మాయి ఉండేది. "నీ జవాబేంటి, నాకు వేరే వచ్చింది" అనే పిల్ల. ఇంట్లో ఒంటరిగా కూర్చుని చదివే పిల్లకు ఆ ఆసరా కూడా ఉండదు. అందుకే ఇక్కడ దిద్దడం విషయంలో నేను ఇంత పట్టుబడుతున్నాను.

బోర్డు సంగతి వేరు

మన వాళ్ళలో చాలామంది అడిగే మొదటి ప్రశ్న, గుర్తింపు ఉందా అని. అడగాల్సిందే. కానీ గుర్తింపు వేరు, చదువు బాగుండటం వేరు. ఈ రెండింటినీ కలిపేస్తేనే మోసపోతాం.

"సీబీఎస్‌ఈ సిలబస్" అని బ్రోచర్‌లో ఉంటే, ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు చెబుతామని మాత్రమే అర్థం. ఆ పుస్తకాలు ఎవరైనా కొనుక్కోవచ్చు. సీబీఎస్‌ఈ అనుబంధం ఇచ్చేది స్థలం, భవనం, ల్యాబు ఉన్న స్కూళ్ళకే. పరీక్ష రాయాలంటే 75 శాతం హాజరు కూడా ఉండాలి. "అంతర్జాతీయ గుర్తింపు" అంటే చాలాసార్లు ఒక విదేశీ ప్రైవేటు సంస్థ ఆ స్కూలు పద్ధతులను మెచ్చుకుంటూ ఇచ్చిన కాగితం. దాంతో మన కాలేజీల్లో సీటు రాదు. ఇంకొందరు "తొమ్మిదిలో మీ వాడి పేరు ఫలానా స్కూల్లో ఎక్కిస్తాం, మీరేం కంగారు పడకండి" అంటారు. అది డమ్మీ అడ్మిషను. 2024 మార్చిలో సీబీఎస్‌ఈ ఇలాంటి అక్రమాల మీదే 20 స్కూళ్ళ అనుబంధం రద్దు చేసింది. ఆ మాట ఎవరైనా అంటే ఫోన్ పెట్టేయండి.

నేను చూసినంతలో ఎనిమిదో తరగతి వరకు గుర్తింపు గురించి మరీ టెన్షన్ పడక్కర్లేదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆ వయసు పిల్లలు తమ వయసుకు తగ్గ తరగతిలో ప్రభుత్వ బడిలో చేరే దారి ఉంది. టీసీ ఆలస్యమైందని చేర్చుకోవడం ఆపకూడదు. తొమ్మిది నుంచే అసలు కథ. అప్పటికి మామూలు బడికి వెళ్ళిపోవడమో, ఎన్ఐఓఎస్ అనే జాతీయ ఓపెన్ స్కూలు లేదా రాష్ట్ర ఓపెన్ స్కూలు ద్వారా పదోతరగతి రాయడమో తేల్చుకోవాలి. ఎన్ఐఓఎస్‌లో పదికి 14 ఏళ్ళు నిండాలి. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు ఉంటాయి. ఐదేళ్ళలో తొమ్మిది అవకాశాలు ఇస్తారు. కేంద్ర ప్రభుత్వ సంస్థ కాబట్టి ఆ సర్టిఫికెట్ చెల్లుతుంది. అంటే పరీక్ష బోర్డు ఒకటి, చదువు చెప్పే బడి ఇంకోటి కావచ్చు. ఈ ముక్క అర్థమయ్యాక నాకు సగం భారం దిగింది.

ఆంధ్ర, తెలంగాణల్లో ఉండేవాళ్ళు ఇంకోటి చూసుకోవాలి. ఏ బ్రోచర్‌లోనూ ఉండదిది. ఇక్కడ కాలేజీ సీట్లకు లోకల్, నాన్ లోకల్ తేలేది స్టడీ సర్టిఫికెట్ల మీద. ఏ రాష్ట్రంలోనో రిజిస్టరైన ఆన్‌లైన్ స్కూలు ఇచ్చే కాగితం మీద ఏ ఊరు ఉంటుంది? ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) లాంటి వాటికి ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్ళు లెక్కలోకి వస్తాయి. బళ్ళో చదవని కాలానికి నివాసం లెక్కగట్టే వీలు, లోకల్ ఎవరో చెప్పే రాష్ట్రపతి ఉత్తర్వులోనే ఉంది గానీ, దానికి తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రం కావాలి. ఎనిమిది అయ్యేలోపే ఎంఈఓ ఆఫీసులోనో, తహసీల్దారు ఆఫీసులోనో అడిగి పెట్టుకోవడం మేలు. కౌన్సెలింగ్ రోజు గుర్తొస్తే ఏం లాభం?

నాకింకా తేలనివి

ఇదంతా చెప్పాక, ఈ చదువు మీద నాకు పూర్తి నమ్మకం కుదిరిందని అనుకోవద్దు. స్కూలు బస్సు రోజూ నాలుగు నలభైకి మా వీధి చివర ఆగుతుంది. నాలుగున్నర నుంచే అమ్మాయి డాబా మీద ఉంటుంది. పాత క్లాసు పిల్ల ఒకతి దిగి చెయ్యి ఊపుతుంది, తనూ ఊపుతుంది. తర్వాత కిందికి వచ్చేస్తుంది. నేను ఏమీ అడగను. ఎంత మంచి టీచరు దిద్దినా ఆ చెయ్యి ఊపడానికి బదులు ఏదీ దొరకదు. మా అమ్మాయిలా తప్పనిసరైతే వేరు. ఆరోగ్యంగా ఉన్న పిల్లాణ్ణి ఇంట్లో కూర్చోబెట్టే ముందు ఈ విషయం చాలాసార్లు ఆలోచించాలి.

రెండోది, ఇంట్లో మనిషి. నేను మెడికల్ షాపులో లెక్కలు రాసే పని మానేశాను. ఏ ఆన్‌లైన్ స్కూలైనా ఇంట్లో ఒక పెద్దవాళ్ళ మీద ఆధారపడే నడుస్తుంది. పదేళ్ళ పిల్లాడు లాప్‌టాప్ ముందు ఒంటరిగా ఐదు గంటలు కూర్చుని పాఠం వింటాడని నేను నమ్మను. మా పిన్ని కూతురు ఉద్యోగం చేస్తోంది. "మరి వాడి పక్కన ఎవరుంటారే?" అని అడిగితే కాసేపు మాట్లాడలేదు. "అత్తయ్య గారున్నారు" అంది. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు, ఇంగ్లీషు రాదు. అలాగని ఆవిడ పనికిరారని కాదు. రోజూ సాయంత్రం నోటుబుక్కు చేతికి తీసుకుని "ఇవాళ టీచరు ఏం రాశారు, చదువు" అని అడిగితే చాలు. నేనైతే ఆ మాట కూడా అడగలేదు.

మూడోది సైన్సు. వంటింటి నిమ్మకాయ, తినేసోడా ఎనిమిదో తరగతి వరకు పనికొస్తాయి. ఆ తర్వాత ఏం చెయ్యాలో ఇంకా ఆలోచిస్తున్నాం. అప్పటికి డాక్టరు గారు ఒప్పుకుంటే మామూలు బడికే పంపాలని నా కోరిక.

మొత్తానికి మా పిన్ని కూతురికి చెప్పిందేమిటంటే, డెమో క్లాసు చూడొద్దు, మామూలు రోజున మామూలు క్లాసు చూడనిమ్మని అడుగు. టీచర్లు ఎంతకాలం నుంచి పనిచేస్తున్నారో అడుగు. పిల్లాడు మూడు రోజులు రాకపోతే ఫోన్ చేసేది ఎవరో, మనిషో మెసేజో, అడుగు. ఫీజు మూడు నెలలకు మించి ఒకేసారి కట్టకు, ఎంత తగ్గింపిచ్చినా సరే. అన్నిటికంటే ముందు, ఐదో తరగతి పిల్లలవి దిద్దిన పేజీలు మూడు, పేర్లు కనబడకుండా చేసి పంపమను.

బుధవారం మళ్ళీ ఫోన్ చేసింది. 4.8 రేటింగ్ స్కూలు వాళ్ళు అలాంటివి ఇవ్వడం తమ పాలసీ కాదన్నారట. అంతర్జాతీయ గుర్తింపు వాళ్ళు డాష్‌బోర్డు స్క్రీన్‌షాట్ పంపారు, అందులో అన్నీ గ్రాఫులే. మూడో వాళ్ళు రెండు రోజులు టైమడిగి మూడు పేజీలు పంపారు. అందులో ఒకటి హిందీ వ్యాసం, సెలవుల్లో ఎక్కడికెళ్ళావన్న దాని మీద. తను నాకు పంపి, "అక్కా, ఇది దిద్దినట్టేనా? తప్పులు రెండే పట్టుకున్నారు" అంది.

పెద్దది చేసి చూశాను. అక్షరదోషాలు రెండు చుట్టారు, మూడోది వదిలేశారు. కానీ చివర, మార్కుల పక్కన, హిందీలో ఒక వాక్యం ఉంది. "బావిలో పడిన మేకపిల్ల తర్వాత ఏమైందో రాయలేదు, నాకు తెలుసుకోవాలని ఉంది."

ఆ స్కూలు వాళ్ళను క్లాసు చూడనిమ్మని అడగమన్నాను. గురువారం పదకొండింటికి చూడొచ్చన్నారట.